సవ్యసాచికి సారథి ఎవరు?

మహిళా క్రీడాకారిణి గెలిచి ఇంటికి రాగానే మన విలేకరులు సంధించే ప్రశ్న ఒకటున్నది: "ఇంటినీ, ఆటనూ ఎలా సమన్వయం చేసుకుంటున్నారు?" (క్రీడాకారిణి అంటే చాలు, మహిళా అని చేర్చడం పునరుక్తి. పత్రికలు అలవాటు చేసిన దోషాలలో ఇదొకటి, నా చేతికీ అంటింది.) పైకి మర్యాదగానూ లోపల మందలింపుగానూ వినిపించే ఈ ప్రశ్నతో నాకు పాత పేచీ ఉన్నది.

మా కృష్ణా తీరపు ఆడబడుచు కోనేరు హంపినే తీసుకోండి. 1987లో గుడివాడలో పుట్టింది. 2001లో ప్రపంచ జూనియర్ బాలికల విజేత. 2002లో, పదిహేనేళ్ళ వయసులో, జుడిత్ పోల్గార్ పేరిట ఉన్న రికార్డును దాటి గ్రాండ్‌మాస్టర్ అయింది. 2014లో పెళ్ళి, 2017లో బిడ్డ. దాదాపు రెండేళ్ళు బల్లకు దూరమై, 2018లో బతూమి ఒలింపియాడ్‌తో మళ్ళీ పావులు పట్టింది. 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ కిరీటం, మళ్ళీ 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో అదే కిరీటం. అప్పటికి ముప్ఫై ఏడేళ్ళు. 2025 జూలైలో ప్రపంచ కప్పు తుదిపోరు దాకా వెళ్ళి, తన వయసులో సగమున్న దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో టైబ్రేక్‌లో ఓడింది.

ఇంత చరిత్రను మనవాళ్ళు ఎలా చెబుతారు? "అమ్మ అయినా..." అని మొదలుపెడతారు. వ్యాకరణం చదువుకున్నవాణ్ణి కనుక ఆ 'అయినా' దగ్గరే ఆగిపోతాను. అది అప్యర్థకం. వాన కురిసినా బస్సు వచ్చింది అంటే వాన ఆటంకమని అర్థం. బిడ్డను కనడం వానా, వరదా? విశ్వనాథన్ ఆనంద్ 2011లో తండ్రి అయ్యాడు. మరుసటి ఏడాది మాస్కోలో గెల్ఫాండ్‌ను ఓడించి ప్రపంచ కిరీటం నిలుపుకున్నాడు. "తండ్రి అయినా" అన్న అప్యర్థకం ఆ వార్తలలో నా కంట పడలేదు.

"స్త్రీకి ఆ కష్టం అదనంగా ఉన్నమాట నిజమే కదా, చెబితే తప్పేమిటి పంతులుగారూ?" అని మీలో ఒకరిద్దరు అడుగుతారని తెలుసు. చెప్పండి, తప్పక చెప్పండి. కృష్ణకు ఆవలి ఒడ్డున గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక 2022లో చెన్నై ఒలింపియాడ్‌లో తొమ్మిదో నెల గర్భంతో ఆడి, జట్టుతో కలిసి కాంస్యం గెలిచింది. ఆ బరువు ఆమె దేహానిది, మరొకరు పంచుకోలేనిది, దాన్ని చెప్పితీరాలి. కానీ అన్నం కలిపి పెట్టడం, బడికి పంపడం, రాత్రి జ్వరం చూసుకోవడం దేహధర్మాలు కావే! ఎవరైనా చేయగలరు. హంపి విషయంలో ఎవరో చేశారు కూడా. తాను పోటీలకు వెళ్ళినప్పుడు బిడ్డను తన తల్లిదండ్రులు చూసుకుంటారని ఆమే చెప్పింది. కూతురి శిక్షణ కోసం అధ్యాపక వృత్తిని వదులుకున్న తండ్రి కోనేరు అశోక్, ఓఎన్‌జీసీ ఉద్యోగం, భర్త సహకారం, ఇవన్నీ ఆమె వెనుక ఉన్నాయి. వీటిని చెప్పడం వల్ల ఆమె ప్రతిభ వీసమెత్తు తగ్గదు. చెప్పకపోతేనే ముప్పు. "హంపి చేయలేదా? నీకేం వచ్చింది?" అని పక్కింటి అమ్మాయిని గద్దించడానికి అది పనికొస్తుంది.

సమన్వయం అనే మాట అన్వయం నుంచి వచ్చింది. వాక్యంలో ఏ పదమూ తనంత తాను అన్వయించుకోలేదు, పక్క పదాలు కలిసిరావాలి. ఈపాటి సంగతి ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పాను. నాకు నేను చెప్పుకోలేదు.

ఎందుకంటే ఈ పాపంలో నాకూ వాటా ఉన్నది. పదవీ విరమణకు కొన్నేళ్ళ ముందు, నా పూర్వ విద్యార్థిని ఒకామెకు ఊళ్ళో సన్మానం చేశారు. కబడ్డీ క్రీడాకారిణి, బడిలో వ్యాయామ ఉపాధ్యాయిని, ఇద్దరు బిడ్డల తల్లి. సన్మానపత్రం నా చేతనే వ్రాయించారు. సమాసాలు గుమ్మరించాను. రెండు చేతులా బాణాలు వేసే సవ్యసాచితో పోల్చి, "గృహకృత్యములందు లోపమెరుగని ఇల్లాలు" అని ముగించాను. చప్పట్లు మోగాయి, నేనూ మురిశాను.

ఏడాది తర్వాత బస్టాండులో కనిపించింది. పోటీలకు వెళ్తున్నావా అని అడిగాను.

"మానేశాను మాస్టారూ. మీ పత్రం పటం కట్టించి మా హాల్లో పెట్టారు. లోపమెరుగని ఇల్లాలని మీరే వ్రాశారు కదండీ, ఇక లోపం రానిస్తే ఎలా?" అని నవ్వింది.

ఆ నవ్వుకు జవాబు వెతుక్కుంటూ ఇంటికొచ్చి భారతం తీశాను. సవ్యసాచి అన్నాను సరే, ఆయన రథానికి పగ్గాలు పట్టినవాడెవడు? వనవాస, అజ్ఞాతవాసాల పదమూడేళ్ళూ అభిమన్యుడు పెరిగింది ద్వారకలో, మేనమామల ఇంట. గాండీవాన్నీ పితృత్వాన్నీ ఎలా సమన్వయం చేసుకున్నావని అర్జునుణ్ణి అడిగినవాడు పద్ధెనిమిది పర్వాలలో ఒక్కడూ లేడు.

ఈమధ్య మరో సన్మానపత్రం వ్రాయమన్నారు, ఒక పరుగు పందెపు విజేతకు. ఆట గురించి మాత్రమే వ్రాసి ఇచ్చాను. నిర్వాహకులు ఫోను చేసి, "కుటుంబం గురించి ఒక్క ముక్కయినా ఉండాలి మాస్టారూ" అన్నారు. సరేనని ఒక వాక్యం చేర్చాను: ఆమె పోటీలకు వెళ్ళిన రోజులలో వంట చేసి, పిల్లలను బడికి పంపిన భర్తకూ అత్తగారికీ ఈ సభ కృతజ్ఞతలు తెలుపుతున్నది, అని.

అచ్చయిన పత్రంలో ఆ వాక్యం లేదు. "గృహలక్ష్మి" అని మాత్రం ఉన్నది.