మరల పాడిన పాట



వేసవి సెలవులకు వచ్చిన మా మరిది యొకనాటి సాయంకాలము తన ఫోనులో నొక పాటల సంపుటిని వినిపించెను. అవి 1960, 1970 దశకములలో జమైకా ద్వీపపు గాయకులు పాడినవి. కాని వానిలో పెక్కింటికి పుట్టినిల్లు అమెరికా. అచ్చటి నల్లజాతివారి సోల్ పాటలను వీరు తమ రెగే నడకలోనికి మార్చుకొనిరి. ఆ సంగతి వినినంతనే, "పరుల పాటను మరల పాడుట యెంగిలి గదా!" అంటిని. "ముందు వినండి వదినా" అని యతడు నవ్వెను.

ఆ పాటల కథ యిట్టిది. 1950 దశకమున కింగ్‌స్టన్ నగరపు బీదజనులకు 'సౌండ్ సిస్టమ్'లే సంగీతశాలలు. పెద్ద స్పీకర్లను ఆరుబయట నిలిపి, అమెరికా రికార్డులను మ్రోగింపగా జనులు నృత్యమాడెడివారు. కొంతకాలమునకు అమెరికాలో అభిరుచి మారి, వీరు మెచ్చు రికార్డులు అరుదు కాగా, ఆ యజమానులే స్థానికులచే పాడింపసాగిరి. వారిలో నొకడగు క్లెమెంట్ డాడ్ 1963లో 'స్టూడియో వన్' అను శాలను నెలకొల్పెను. 1962లో స్వాతంత్ర్యమందిన యా చిన్న దేశమున స్కా, రాక్‌స్టెడీ, 1968 ప్రాంతమున రెగే వరుసగా వెలసినవి.

రెగే నడక వింతయైనది. నాలుగు దెబ్బల తాళమున మొదటి దెబ్బను డ్రమ్ము తరచుగా విడిచి, మూడవదానిపై పడును. గిటారు దెబ్బల నడుమ పలుకును. ఆ ఖాళీలో వినువారి మనసు వచ్చి కూర్చుండును.

ఓటిస్ రెడ్డింగ్ 1965లో వ్రాసి పాడిన 'రెస్పెక్ట్' అను పాటలో పురుషుడు భార్యనుండి మన్నన కోరును. 1967లో అరీతా ఫ్రాంక్లిన్ పాడినంతనే కోరునది స్త్రీ యయ్యెను. స్టూడియో వన్‌లో నోర్మా ఫ్రేజర్ దానినే తన దేశపు నడకలో పాడినది. పాట యొకటే, నోరు మారగానే న్యాయము పక్షము మార్చుకొనినది!

నన్ను కదల్చినది మాత్రము వేరొక పాట. అది సోల్ పాట కాదు. 'బ్రెడ్' అను అమెరికా బృందమునకు చెందిన డేవిడ్ గేట్స్, గతించిన తన తండ్రిని తలచి వ్రాయగా 1972లో వెలువడిన 'ఎవ్రీథింగ్ ఐ ఓన్'. పెక్కుమంది దానిని ప్రేమగీతముగనే వినిరి. 1974లో జమైకా గాయకుడు కెన్ బూత్ పాడగా బ్రిటనులో అది ప్రథమస్థానమందెను. అతడు 'ఎవ్రీథింగ్' అను చోట 'ఎనీథింగ్' అని పాడును. పలుకు మారినను దుఃఖము మారలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకు గజేంద్రమోక్షపు పద్యములు నేర్పినవారు మా నాయనగారు. వారు గతించి ఆరేండ్లయినది. నాటినుండి నే నొక్క పద్యమును గొంతెత్తి చదువలేదు. మా అమ్మాయి నేర్పుమని యడిగినపుడెల్ల, "తాతగారివలె నాకు రాదు" అని తప్పించుకొనుచుంటిని. అది వారిపై భక్తి యనుకొంటిని. నిజమునకు నా మౌనమువలన ఆ పద్యములు మా యింట వారితోనే నిలిచిపోవుచున్నవి.

పూర్వకవులు చెప్పిన రామకథను మరల చెప్పనేల యను ప్రశ్నను మన మొల్ల తన రామాయణపు అవతారికలో తానే వేసికొని, చెప్పుటకే పూనుకొనినది. ఆమె కావ్యమును చిన్ననాడే చదివిన నేను, రెగే వినువరకు ఆ మాట నాకొరకు కూడ నని యెరుగనైతిని.

మరునాడు దీపము వెలిగించి అమ్మాయిని ప్రక్కన కూర్చుండబెట్టుకొంటిని. నా గొంతు నాయనగారి గొంతువలె లేదు, రెండుమార్లు తడబడితిని. అమ్మాయి మూడవపాదమున తనకు తోచిన యొక సాగదీత చేర్చినది. నేను దిద్దలేదు.