అంకుశం ఎవరి చేతిలో?

అంకుశం అనగానే మీకు ముందు ఎవరు గుర్తొస్తారు? రాజశేఖర్ గారేనంటారు, ఇక్కడికే వినిపిస్తోంది లెండి! 1989లో కోడి రామకృష్ణ గారి దర్శకత్వంలో వచ్చిన ఆ సినిమాలో నిజాయితీగల పోలీసు ఆఫీసరుకీ, రామిరెడ్డి గారి రౌడీకీ నడిచిన పోరు మరిచిపోతే ఒట్టు. మదించిన రౌడీకి పోలీసే అంకుశం అన్నమాట. మరుసటి ఏడాదే దాన్ని చిరంజీవి గారితో హిందీలో ‘ప్రతిబంధ్’గా తీశారు.

పేరు సరే, అసలు వస్తువుని మీలో ఎంతమంది చూశారు? కురచ కర్ర, చివర ఇనుప మొన, పక్కన వంకర కొక్కెం. అంతే! మావటి దానితో ఏనుగు చెవి వెనక నొక్కుతాడు. అంత పెద్ద జంతువుకీ అక్కడ చర్మం సున్నితం మరి. వినాయకుడి బొమ్మలో చూడండి, ఓ చేతిలో పాశం, ఇంకో చేతిలో అంకుశం. మనసనే మదపుటేనుగుని అదుపులో పెట్టుకోమని పెద్దలు చెప్పే అర్థం. అదుపు లేనివాణ్ణి ‘నిరంకుశుడు’ అంటున్నదీ అందుకే.

నాకు పదేళ్లప్పుడు మా పక్కూరి తిరునాళ్లకి ఏనుగొచ్చింది. నాన్న ఇచ్చిన రూపాయి తొండానికి అందించి, నెత్తిన దీవెన వేయించుకుని మురిసిపోయాను. ఈగలు ముసురుతున్నాయేమిటా అని చూద్దును గదా, చెవి వెనక పుండు!

“దానికి నొప్పెట్టదా అన్నా?” అనడిగాను మావటిని.

“నొప్పెట్టకపోతే మాట వింటుందా బాబూ!” అన్నాడు.

దుర్మార్గుడేం కాదు సుమండీ. తన అరటిపండు తుంచి ముందు దానికే పెట్టాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అమెరికాలో పేరుమోసిన రింగ్లింగ్ సర్కస్ 2016 మేలో ఏనుగుల ఆటలు మానేసింది. ఏనుగుల మీద అంకుశం వాడరాదని కాలిఫోర్నియా రాష్ట్రం అదే ఏడాది చట్టం చేసి, 2018 జనవరి నుంచి అమలుపెట్టింది. కటకటాల ఇవతల నిలబడి, చెప్పినట్టు చేసినప్పుడల్లా తిండి పెడుతూ నేర్పే పద్ధతి ఉండనే ఉంది.

“ఏనుగు జనం మీద పడితే అరటిపండు చూపిస్తారా?” అని అడిగేవాళ్లూ ఉన్నారు. కొట్టిపారేసే మాట కాదు, ముందు పోయేది మావటి ప్రాణమే. కానీ బాజాల మధ్యకీ, బాణసంచా మధ్యకీ దాన్ని తెచ్చిందెవరు? మన సరదాయే గదా!

ఈసారి తిరునాళ్లలో ఏనుగు కనిపిస్తే, దీవెనకి తల వంచేముందు చెవి వెనక ఓసారి చూడండి. పుండుంటే రూపాయి జేబులోంచి తీయకండి. ఆ మాత్రం అంకుశం మన చేతిలోనూ ఉంది. ఏమంటారు?