చూసినవాళ్లు చెప్పాలి

అమెరికాలో హైస్కూలు ప్రిన్సిపాళ్ల జాతీయ సంఘం 1921లో నేషనల్ ఆనర్ సొసైటీని నెలకొల్పింది. పిట్స్‌బర్గ్‌లో ప్రిన్సిపాల్‌గా పనిచేస్తున్న ఎడ్వర్డ్ రైనియర్సన్ ఆ పనికి ముందు నిలిచారు. మెచ్చదగిన విద్యార్థి ఎవరంటే ఆ సొసైటీ నాలుగు లక్షణాలు చెప్పింది: చదువు, సేవ, నాయకత్వం, శీలం. వందేళ్లు దాటినా ఆ నాలుగూ మారలేదు. ఈ వేసవిలో గ్రాడ్యుయేషన్ గౌను మీద ఆ సొసైటీ పట్టీ వేసుకుని, అమ్మానాన్నల మధ్య నిలబడి ఫొటో దిగిన తెలుగు పిల్లలు ఎందరో ఉన్నారు.

ఈ నాలుగింటిలో మూడింటికి కాగితాలు దొరుకుతాయి. చదువుకు జీపీఏ ఉంది. సేవకు సంతకాలు చేయించుకున్న గంటల పత్రం ఉంది. నాయకత్వానికి క్లబ్బులో పదవి ఉంది. శీలానికి అలాంటి కాగితమేదీ లేదు. సొసైటీ నిబంధనల్లో జీపీఏ కనీసం 3.0 ఉండాలన్నది మొదటి మెట్టు మాత్రమే. ఆ తర్వాత ఎంపిక బడిలోని ఐదుగురు ఉపాధ్యాయుల మండలి చేతిలో ఉంటుంది. అంకెలు తేల్చలేని విషయాన్ని మనుషులు కూర్చుని మాట్లాడుకుని తేల్చాలన్నమాట.

ఈ సంచిక మధ్య పేజీల్లో పన్నెండో తరగతి పూర్తిచేసిన పిల్లల ఫొటోలు ఉన్నాయి. పక్కనే తల్లిదండ్రులు పంపిన వివరాలు ఉన్నాయి: మార్కులు, ఎస్‌ఏటీ స్కోరు, చేరబోయే యూనివర్సిటీ, గెలిచిన పోటీలు. ఒక్కో పేరు వెనక ఎన్ని రాత్రుల చదువుందో, ఆ రాత్రుల్లో పక్కన కూర్చుని టీ పెట్టిచ్చిన తల్లులెందరో, టోర్నమెంట్లకు కారు నడిపిన తండ్రులెందరో ఈ పత్రికకు తెలుసు. ఆ పిల్లలందరికీ మనసారా అభినందనలు. అయితే ఆ పేజీలన్నీ తిరగేసినా ఒక సంగతి తెలియదు. ఆ పిల్లవాడు ఎలాంటి మనిషి? క్లాసులో వెనకబడిన స్నేహితుడి పక్కన కూర్చున్నాడా? ఓడిపోయిన రోజు ఎలా ప్రవర్తించాడు? ఎవరూ చూడని చోట ఏం చేశాడు?

మార్కులకూ మంచితనానికీ ఇచ్చే విలువలోని ఈ తేడాను పిల్లలు పెద్దలకన్నా ముందే పసిగట్టారు. హార్వర్డ్ విద్యా విభాగంలోని మేకింగ్ కేరింగ్ కామన్ బృందం 2014లో ఒక నివేదిక వెలువరించింది. పదివేల మందికి పైగా మిడిల్ స్కూలు, హైస్కూలు విద్యార్థులను, మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఏమిటని అడిగారు. దాదాపు 80 శాతం మంది విజయాన్నో, తమ సంతోషాన్నో ఎంచుకున్నారు. ఇతరుల బాగోగులు చూడడమే ముఖ్యమన్నవాళ్లు 20 శాతం దాకా ఉన్నారు. ఇంకో ప్రశ్నకు వచ్చిన జవాబు తల్లిదండ్రులను మరింత నొప్పించేది. తోటివాళ్లను పట్టించుకునే మనిషిగా ఉంటే కలిగే గర్వం కన్నా, మంచి మార్కులు తెస్తేనే మా అమ్మానాన్నలకు ఎక్కువ గర్వమన్న మాటను ఒప్పుకున్న పిల్లలు, కాదన్నవాళ్లకు మూడింతలున్నారు. ఇంతా చేసి, చాలామంది తల్లిదండ్రులు మాత్రం తమకు పిల్లల మంచితనమే ముఖ్యమని చెబుతున్నారు. చెప్పే మాటకూ పిల్లల చెవికి చేరే మాటకూ మధ్య అంత దూరం ఉంది.

తెలుగు ఇళ్లకు ఈ మాట ఇంకొంచెం గట్టిగా తగులుతుంది. అమెరికాకు వచ్చిన తల్లిదండ్రుల్లో చాలామంది ర్యాంకు పుణ్యాన వచ్చినవాళ్లే. పదో తరగతి మార్కులు, ఎంసెట్ ర్యాంకు, జీఆర్ఈ స్కోరు: ఒక్కో అంకె ఒక్కో తలుపు తెరిచింది. తమను నిలబెట్టినదాన్నే బిడ్డలకు అందించాలనుకోవడం తప్పు కాదు, అది ప్రేమే. కానీ ఇంట్లో భోజనాల దగ్గర రోజూ అడిగే ప్రశ్న టెస్టు ఎలా రాశావన్నదే అయినప్పుడు, పిల్లలు దాన్నుంచే తమ విలువ నేర్చుకుంటారు. నువ్వు ఎలాంటి మనిషివన్న ప్రశ్నను ఇల్లు మరిచిపోయిన రోజైనా తెలుగు సంఘం అడగాలి. సంఘం ఉన్నదే అందుకు.

సేవకు వద్దాం. మేరీల్యాండ్ రాష్ట్రం 1992లో ఒక నియమం పెట్టింది. హైస్కూలు డిప్లొమా కావాలంటే 75 గంటల సేవ చేయాలి. 1997లో బయటికి వచ్చిన బ్యాచి నుంచి అది అమలైంది. 2003లో మొదలైన ప్రెసిడెంట్స్ వాలంటీర్ సర్వీస్ అవార్డు, 16 నుంచి 25 ఏళ్లవాళ్లకు ఏడాదిలో 250 గంటల సేవకు బంగారు పతకమని లెక్క కట్టింది. ఇలాంటివాటి వల్ల ఎంతో మేలు జరిగింది. ఫుడ్ బ్యాంకులో డబ్బాలు సర్దడానికీ, లైబ్రరీలో చిన్నపిల్లలకు చదివి వినిపించడానికీ లక్షల చేతులు వచ్చాయి. బలవంతంగా వెళ్లి ఇష్టంగా మిగిలిపోయిన పిల్లలూ ఉన్నారు. కానీ గంటలే కొలమానం అయ్యాక, ఆ గంటల్లో ఏం జరిగిందని అడిగేవాళ్లు తగ్గారు. ఎక్కడికెళితే ఎన్ని గంటలకు సంతకం పెడతారన్నది వాట్సాప్ గ్రూపుల్లో తల్లిదండ్రులు మాట్లాడుకునే విషయమైంది.

ఈ విషయంలో స్కౌట్లు చాలాకాలం క్రితమే మంచి దారి వేశారు. ఈగిల్ స్కౌట్ కావాలంటే 21 మెరిట్ బ్యాడ్జీలు సంపాదించాలి, ఆపైన ఒక సేవా ప్రాజెక్టును తానే ఆలోచించి, నలుగురిని కూడగట్టి పూర్తి చేయాలి. ఆ ప్రాజెక్టుకు కనీసం ఇన్ని గంటలని నిబంధన లేదు. చివర్లో పెద్దల బృందం ఎదుట కూర్చుని మాట్లాడాలి. గర్ల్ స్కౌట్స్ గోల్డ్ అవార్డుకు 80 గంటలు సూచిస్తారు గానీ, అసలు పరీక్ష వేరే: ఆ అమ్మాయి కాలేజీకి వెళ్లిపోయాక కూడా ఆమె మొదలుపెట్టిన పని నడవాలి. అమెరికా కాంగ్రెస్ 1979లో చట్టం చేసి నెలకొల్పిన కాంగ్రెషనల్ అవార్డులో గంటల లెక్కలు గట్టివే. బంగారు పతకానికి సేవలో 400 గంటలు, సొంత నైపుణ్యంలో 200, వ్యాయామంలో 200, ఆపైన ఐదు పగళ్లు, నాలుగు రాత్రులు సాగే ఒక యాత్ర కావాలి. కానీ అందులో పోటీ లేదు. పక్కవాడిని ఓడించనక్కర్లేదు. ఎవరి లక్ష్యం వాళ్లదే, పెట్టుకున్నది పూర్తి చేసిన ప్రతివాళ్లకూ పతకం వస్తుంది. తెలుగు పిల్లల్లో ఇంకా ఎక్కువమంది ఈ అవార్డు వైపు చూడాలి.

ఇంట్లో చేసే సేవ మాత్రం ఏ పత్రంలోనూ ఎక్కలేదు, చాలాకాలం. సంక్రాంతి తర్వాత వచ్చి ఆరు నెలలుండే అమ్మమ్మను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, డాక్టర్ అడిగేది తెలుగులో చెప్పి, అమ్మమ్మ చెప్పేది ఇంగ్లీషులో చెప్పే పదిహేనేళ్ల పిల్ల చేసేది సేవ కాదా? అమ్మా నాన్నా గ్యాస్ స్టేషన్‌లో చెరో షిఫ్టు చేస్తుంటే సాయంత్రం తమ్ముడికి అన్నం పెట్టి, హోంవర్క్ చేయించే అబ్బాయి రోబోటిక్స్ క్లబ్బుకు వెళ్లలేకపోతే, అతని దగ్గర చెప్పుకోదగినది ఏమీ లేదా? తెలుగు కుటుంబాలన్నీ సాఫ్ట్‌వేర్ కుటుంబాలు కావు. అందరిళ్లలోనూ కోచింగ్‌కు డబ్బు, కారు, తీరిక ఉండవు.

మేకింగ్ కేరింగ్ కామన్ బృందమే 2016 జనవరిలో కాలేజీ ప్రవేశాల మీద మరో నివేదిక తెచ్చింది. చాలా యూనివర్సిటీల ప్రవేశాధికారులు దానికి మద్దతు పలికారు. పొడవాటి జాబితాలొద్దు, నిజమైన సేవ చూడండి, తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చూసుకోవడం, ఇంటి ఖర్చులకు ఉద్యోగం చేయడం కూడా సేవగానే లెక్కించండి అని అది సూచించింది. ఇప్పుడు కాలేజీల ఉమ్మడి దరఖాస్తు అయిన కామన్ యాప్‌లో విద్యార్థి చెప్పుకునే పది కార్యకలాపాల్లో కుటుంబ బాధ్యతలన్నది ఒక విభాగం. చాలామంది పిల్లలకు ఆ సంగతి తెలియదు, తెలిసినా రాయడానికి సిగ్గుపడతారు. ఇంటి పని గొప్పగా చెప్పుకునేదేమిటని పెద్దలే అంటారు. ఈ పత్రిక అలా అనుకోవడం లేదు.

ఇదంతా చదివి, ప్రతిభను తక్కువ చేస్తున్నారని ఎవరూ అనుకోకూడదు. టెక్సస్‌లోని ఫ్రిస్కోకు చెందిన అనికా చేబ్రోలు 2020లో, 14 ఏళ్ల వయసులో, త్రీఎం యంగ్ సైంటిస్ట్ ఛాలెంజ్ గెలిచింది. కరోనా వైరస్ పైనున్న స్పైక్ ప్రొటీన్‌కు అతుక్కోగల ఒక అణువును కంప్యూటర్ మోడళ్లతో వెతికి పట్టుకుంది. బహుమతి 25,000 డాలర్లు. ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు ఆమె వెతికింది ఫ్లూకు మందు, ఎందుకంటే అంతకుముందు ఏడాది తనకే ఫ్లూ తీవ్రంగా వచ్చింది. లోకమంతా మహమ్మారిలో చిక్కుకునేసరికి పరిశోధనను అటు తిప్పింది. చిన్నప్పుడు తనను సైన్సు వైపు నడిపింది కెమిస్ట్రీ ప్రొఫెసర్‌గా పనిచేసిన తాతయ్య అని చెప్పింది. ఈ కథలో ప్రతిభనూ, ఎదుటివాళ్ల బాధ పట్టించుకునే గుణాన్నీ విడదీయలేం.

2018లో కార్తీక్ నెమ్మాని స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీ గెలిచాడు. ఫైనల్లో ఎదురుపడిన నైసా మోదీ కూడా అతనిలాగే డాలస్ ప్రాంతం పిల్లే. స్థానిక పోటీలో కార్తీక్ అంతకుముందు ఆమె చేతిలో ఓడాడు. జాతీయ వేదిక మీద ఆమెను దాటాక అతను విలేఖరులతో, ఆమె చాలా మంచి స్పెల్లర్ అనీ, ట్రోఫీకి తనంత అర్హురాలనీ, తనకు అదృష్టం కలిసొచ్చిందనీ అన్నాడు. హైస్కూల్లోకి ఇంకా అడుగుపెట్టని పిల్లవాడు, దేశమంతా చూస్తున్న క్షణంలో, పక్కనున్న పోటీదారుకు పెద్దపీట వేశాడు. ఆ రాత్రి వార్తల్లో గెలిపించిన పదం వచ్చింది, బహుమతి మొత్తం వచ్చింది. ఈ పత్రికకు గుర్తుంచుకోదగినదిగా తోచింది ఆ మాట.

పురస్కారం ఎలా ఇవ్వాలన్నది కూడా ఆలోచించాల్సిన విషయమే. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. స్టాన్‌ఫర్డ్‌లోని నర్సరీ బడిలో బొమ్మలు గీయడమంటే ఇష్టపడే పిల్లలను ఎంచుకున్నారు. కొందరికి, గీస్తే రిబ్బన్ అతికించిన సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, గీశాక ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. తర్వాత తీరిక వేళల్లో గమనిస్తే, ముందే చెప్పించుకున్న పిల్లలు బొమ్మల దగ్గర గడిపిన సమయం మిగతావాళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. చెప్పకుండా అందుకున్నవాళ్ల ఇష్టం చెక్కుచెదరలేదు. 1998లో క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాల్లో, నువ్వు తెలివైనవాడివని మెప్పు పొందినవాళ్లలో దాదాపు 40 శాతం మంది తర్వాత తమ మార్కులను పెంచి చెప్పారు. కష్టపడ్డావని మెప్పు పొందినవాళ్లలో అలా చేసినవాళ్లు చాలా తక్కువ. చిన్నపిల్లల మీద తేలిన విషయం పదిహేడేళ్లవాళ్లకు ఉన్నదున్నట్టు వర్తించకపోవచ్చు. అయినా మెచ్చుకునే తీరులో పిల్లల నిజాయితీని కదిలించగల బలం ఉందన్నది పెద్దలు తేలిగ్గా తీసుకోదగిన సంగతి కాదు.

అందుకే యువ పురస్కారాలకు దరఖాస్తు పెట్టుకున్నవాళ్లలోంచి ఎంచడం మానుకోవాలని ఈ పత్రిక తెలుగు సంఘాన్ని కోరుతోంది. పిల్లలను వెతుక్కుంటూ వెళ్లాలి.

వెతికితే ఏం దొరుకుతుందో 2014 మే 25న లోకం చూసింది. తెలంగాణ ఏర్పడడానికి కొద్ది రోజుల ముందు, నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమెతోపాటు ఖమ్మం ప్రాంతానికి చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. పూర్ణ అప్పటికి తొమ్మిదో తరగతి, తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఆమె ఎవరెస్టుకు దరఖాస్తు పెట్టుకోలేదు. గురుకులాల అప్పటి కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఈ బడుల పిల్లలను పర్వతారోహణకు పంపాలనుకున్నారు. భువనగిరి కొండ మీద తాడు పట్టుకున్న పిల్లల్లో ఎవరు వెనకడుగు వేయలేదో శిక్షకులు కళ్లారా చూసి, డార్జిలింగ్‌కూ లడఖ్‌కూ పంపారు. ఏ పరీక్ష మార్కూ ఆ పిల్లను పట్టి ఇచ్చేది కాదు.

చాలా తెలుగు సభల్లో యువ పురస్కారాల వంతు వచ్చేసరికి రాత్రి పదవుతుంది. పేర్లు గబగబా చదువుతారు. పిల్లలు ఒక పక్క నుంచి ఎక్కి, జ్ఞాపిక తీసుకుని, ఇంకో పక్క నుంచి దిగిపోతారు. వాళ్లు ఏం చేశారో హాల్లో ఎవరికీ తెలియదు. ఈసారి పురస్కారాల కార్యక్రమం భోజనాలకు ముందే పెట్టాలి, సంఖ్య తగ్గించాలి, ఒక్కొక్కరి గురించి వాళ్ల పని చూసిన మనిషి వేదిక మీదికి వచ్చి రెండు నిమిషాలు మాట్లాడాలి. కావాలంటే నాయకుల ప్రసంగాల్లోంచి ఆ సమయం తీసుకోవచ్చు.

ఈ పురస్కారాలకు నామినేషన్ పత్రం ఈ సంచిక చివరి పేజీలో ఉంది. అందులో జీపీఏ గడి లేదు, గంటల గడి లేదు. పిల్లలు తమ పేరు తాము పంపకూడదు, తల్లిదండ్రులు పంపకూడదు. టీచర్, కోచ్, గుడిలో వంటశాల చూసేవాళ్లు, పక్కింటివాళ్లు, తోటి విద్యార్థి, ఎవరైనా పంపవచ్చు. ఆ పిల్ల లేదా పిల్లవాడు చేసిన పనిని మీరు స్వయంగా ఎప్పుడు, ఎక్కడ చూశారో ఒక పేజీలో రాయండి. ఇంట్లో చేసిన సేవకు వేరే వరుస ఉంది, దాన్ని ఖాళీగా వదలొద్దు. తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా ఒకటే. రాయలేని పెద్దవాళ్లు, ముఖ్యంగా పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న తాతయ్యలు, అమ్మమ్మలు, నానమ్మలు, ఫోన్ చేసి చెబితే సంపాదక వర్గంలో ఒకరు రాసుకుంటారు. మనవడి గురించో మనవరాలి గురించో కాదు, పక్కింటి పిల్లల గురించి చెప్పండి. ఎంపికైన పిల్లలకు ఆ సంగతి వేదిక మీద పేరు పిలిచేదాకా తెలియకూడదు గనుక, పంపిన మాట దయచేసి వాళ్ల చెవిన వేయకండి.