వేట - మర్యాద

వేట మానవజాతి యంత ప్రాచీనమైనది. నాగలి పట్టుటకు ముందే మానవుడు విల్లు పట్టెను. ఆకలి తీర్చుకొనుటకును, క్రూరమృగముల బారినుండి తన మందలను కాపాడుకొనుటకును అతడు వేటాడెను. పిమ్మట రాజులు వినోదార్థము వేటాడిరి. మన ప్రబంధములలో వేట వర్ణనములు తఱచుగ కనబడును. అయినను వేటకు హద్దు లేదని మాత్రము మన పెద్దలు చెప్పలేదు.

మహాభారతమున ఆదిపర్వములోని యొక కథ ఇందులకు తార్కాణము. పాండురాజు అడవిలో వేటాడుచు, జంటగా క్రీడించుచున్న రెండు లేళ్లను చూచి బాణములతో కొట్టెను. ఆ మగలేడి నిజమునకు కిందముడను ముని. నేలకొరగుచు నతడు రాజును నిందించెను. వేటాడుట రాజులకు తగినదే కదా, ఇందు నా తప్పేమున్నదని పాండురాజు వాదించెను. ముని యిచ్చిన ప్రత్యుత్తరము గమనింపదగినది. మృగమును చంపినందులకు తాను నిందించుట లేదనియు, ఆదమఱచి జంటతో నున్న సమయమున చంపినందులకే నిందించుచున్నాననియు అతడు పలికెను. చంపుటకు అధికారమున్నవాడు సైతము ఎప్పుడు చంపరాదో తెలిసికొనియుండవలెనని ఈ కథ తెలుపుచున్నది.

నేటి వేటగానికి విల్లు, తుపాకి కాక మూడవ సాధన మొకటి చేతికి వచ్చినది. అది సెల్‌ఫోనులోని కెమెరా. వేట ముగిసిన క్షణముననే, చచ్చిన జంతువు ప్రక్కన నిలిచి నవ్వుచు ఫొటో తీయించుకొని, ఫేస్‌బుక్కులోను వాట్సాప్‌లోను లోకమంతటికి పంపువారు పెక్కురు కలరు. ఇది ఉచితమా? ఈ విషయమున నా యభిప్రాయము స్పష్టము. చంపుట వేఱు, చంపితినని చాటుకొనుట వేఱు. మొదటిదానికి ఆకలియో, ఆత్మరక్షణమో, చట్టమో ఒక సమాధానము చెప్పవచ్చును. రెండవదానికి ఆ సమాధానములేవియు చాలవు.

ఈ భేదమును నేను పుస్తకములలో నేర్చుకొనలేదు. నెల్లూరు జిల్లాలోని మా పల్లెలో, మీవలెనే ఎనిమిదవ తరగతి చదువుకొను దినములలో నేర్చుకొంటిని. అప్పుడు నా యొద్ద పంగలకఱ్ఱ యొకటి యుండెడిది. ఒక సెలవునాడు చెఱువుగట్టు మీది తుమ్మచెట్టుపై వ్రాలిన గోరింకను రాతితో కొట్టితిని. అంతకుముందెన్నడును నా గురి తగులలేదు. కావున నా సంతోషమునకు మేర లేకపోయెను. ఆ పక్షి కాళ్లకు దారము కట్టి, కఱ్ఱకు వ్రేలాడదీసి, వీధి వీధికిని త్రిప్పితిని. స్నేహితులు చుట్టుముట్టి నన్ను మెచ్చుకొనిరి.

ఊరి వెలుపల పొలము గట్టున ఒక యానాది వృద్ధుడు ఎలుకలను పట్టుచుండెను. వరికోతలైన పిమ్మట బొఱియ నోట కుండను పెట్టి, గడ్డిపొగను లోని కూది, ఎలుకలను పట్టుటలో ఆతడు మిక్కిలి నేర్పరి. అందువలన రైతుకు ధాన్యము దక్కెడిది. అతని యింట కూర దొరకెడిది. నేను గర్వముతో నా పక్షిని అతనికి చూపితిని.

“తినేదానికా, అబ్బయ్యా?” అని అతడడిగెను.

“కాదు తాతా, ఊరికే కొట్టినా” అంటిని.

అతడు పక్షి వంక చూచి, “తినేదానికైతే కొట్టు. ఊరికే కొట్టి ఊరంతా తిప్పేదానికి, అది నిన్నేం చేసింది?” అని, మరల తన పనిలో మునిగెను.

ఆతడు నన్ను తిట్టలేదు. అయినను ఇంటికి పోవు దారిలో ఆ కఱ్ఱ నా చేతికి బరువైనది. ఎవరును చూడకుండ గోరింకను చెఱువుగట్టున పాతిపెట్టితిని. మఱునాడు బడిలో స్నేహితులు పక్షి యేదని యడిగిరి. పిల్లి యెత్తుకొనిపోయినదని బొంకితిని. ఆనాడు నా చేతిలో కెమెరా యున్నచో నేను కూడ ఆ పక్షితో ఫొటో తీయించుకొని ఊరూర పంపియుందును. ఇందు సందేహము లేదు. గోరింకను పాతిపెట్టగలిగితిని కాని, ఆ ఫొటోను పాతిపెట్టుట నాకు సాధ్యమయ్యెడిది కాదు.

వేట మిక్కిలి వ్యాప్తి చెందిన దేశములలో కూడ వేటగాండ్రు తమకు తామే కొన్ని మర్యాదలను ఏర్పఱచుకొనిరి. అమెరికా దేశమున థియొడోర్ రూజ్వెల్టు 1887వ సంవత్సరమున బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బను వేటగాండ్ర సంఘమును స్థాపించెను. జంతువునకు తప్పించుకొనుటకు న్యాయమైన అవకాశమును ఇచ్చియే వేటాడవలెననునది ఆ సంఘము ఆదరించిన ముఖ్యసూత్రము. పిమ్మట అతడు ఆ దేశమునకు అధ్యక్షుడయ్యెను. 1902వ సంవత్సరము నవంబరులో మిసిసిపీ రాష్ట్రమున ఎలుగుబంటి వేటకు పోయెను. ఆయనకు ఎలుగుబంటి కనబడలేదు. తోడి వేటగాండ్రు ఒక ఎలుగుబంటిని పట్టి, చెట్టునకు కట్టివేసి, వచ్చి కాల్చుమని ఆయనను పిలిచిరి. కట్టివేసిన జంతువును కాల్చుట వేటగానికి తగదని రూజ్వెల్టు నిరాకరించెను. అది తీవ్రముగ గాయపడి బాధపడుచుండుటచే దాని బాధను అంతము చేయుడని మాత్రము చెప్పెను. క్లిఫర్డ్ బెఱీమన్ అను చిత్రకారుడు ఈ వృత్తాంతమును వ్యంగ్యచిత్రముగ గీయగా వాషింగ్టన్ పోస్టు పత్రిక ప్రకటించెను. నేడు పిల్లలు ఆడుకొను టెడ్డీబేర్ బొమ్మకు ఆ పేరు వచ్చుటకు ఇదియే కారణము. టెడ్డీ యనునది రూజ్వెల్టు ముద్దుపేరు.

ఈ రూజ్వెల్టు అహింసావ్రతుడు కాడు. 1909వ సంవత్సరమున ఆఫ్రికాకు పోయి, మ్యూజియము కొఱకని, తన కుమారునితో కలసి ఐదువందలకు పైగా జంతువులను వేటాడినవాడు. అట్టివాడు సైతము కట్టివేసిన ఎలుగుబంటిపై తుపాకి నెత్తుటకు సిగ్గుపడెను. ఆయన చంపినందువలన కాక, చంపక వెనుదిరిగినందువలన వెలువడిన చిత్రమే నూఱేండ్లు దాటినను నిలిచియున్నది.

ఇక ఆ దేశముననే 2018వ సంవత్సరమున జరిగిన మఱియొక వృత్తాంతమును చూడుడు. ఇడాహో రాష్ట్రములో వన్యమృగములను, చేపలను, వాని వేటను పర్యవేక్షించు ప్రభుత్వ కమిషనొకటి కలదు. అందలి సభ్యుడొకడు ఆఫ్రికాలోని నమీబియా దేశమునకు వేటకు పోయెను. అచ్చట పెక్కు జంతువులతో పాటు, బాబూన్ జాతి కోతుల కుటుంబము నొకదానిని బాణములతో చంపెను. వానిలో పిల్లలు కూడ నుండెను. ఆ కోతుల శవములను ముందుంచుకొని, వెనుక తాను చిఱునవ్వుతో కూర్చుండి ఫొటో తీయించుకొనెను. తిరిగివచ్చి ఆ ఫొటోలను ఈ-మెయిలు ద్వారా నూటికి పైగా పరిచితులకు పంపెను.

అతడు నమీబియా చట్టమును ఉల్లంఘింపలేదు. తాను చట్టవిరుద్ధమైన కార్యమేదియు చేయలేదని ఆతడే చెప్పుకొనెను. అయినను మొదట ఆక్షేపించినవారెవరు? వేటను ద్వేషించువారు కారు. ఆ కమిషనులోనే పూర్వము పనిచేసినవారు, స్వయముగ వేటగాండ్రు. కోతిపిల్లల శవములను ముందుంచుకొని నవ్వుట వేటగాండ్రకెల్ల తలవంపని వారు తలచిరి. విషయము పత్రికలకెక్కెను. రాష్ట్ర గవర్నరు అతనిని రాజీనామా చేయుమని కోరెను. అక్టోబరు నెలలో ఆతడు పదవిని వదలుకొనెను. తాను చంపిన జంతువుల యెడల తగిన గౌరవమును చూపలేదని తన రాజీనామా లేఖలో ఒప్పుకొనెను. అతని బాణము చేయలేని పనిని అతని ఫొటో చేసినది. బాణము కోతులను మాత్రమే పడగొట్టినది. ఫొటో వేటగానినే పడగొట్టినది.

ఈ విషయమున ఎదుటిపక్షమువారి వాదమును కూడ వినవలెను. మాంసము తినువారికి వేటగానిని నిందించు హక్కెక్కడిదని కొందఱందురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. కాని, కోళ్లను కోసి అమ్మి జీవించువాడు కోసిన ప్రతి కోడితోను ఫొటో తీయించుకొనునా? అతనికి అది జీవనోపాధి, వేడుక కాదు. మఱికొందఱు వేఱొక వాదమును చెప్పుదురు. నమీబియాలో 1996వ సంవత్సరమున చేసిన చట్టము వలన పల్లెప్రజలకు తమ ప్రాంతమందలి వన్యమృగములపై కొన్ని హక్కులు లభించినవి. యాత్రికుల వలనను, వేటగాండ్ర వలనను వచ్చు ధనములో భాగము ఆ పల్లెలకు చేరును. దాని వలననే మృగములను కాపాడుకొనవలెనను ఆసక్తి వారికి కలుగునని వీరి వాదము. ఏనుగులు పైరును త్రొక్కి, సింహములు పశువులను చంపు చోట నివసించువారి కష్టమును దూరదేశములలో సుఖముగ కూర్చుండి తేలికగ చూడరాదు. ఈ వాదములో నిజమున్నదని నేనొప్పుకొందును. అయినను ఆ పల్లెల మేలునకు వేటగాని ధనము కావలసియుండవచ్చును గాని, చచ్చిన జంతువు ముందు అతని వికటహాసము కావలసిన పని లేదు.

ఇచ్చట మఱియొక ప్రమాదమును గూర్చి కూడ హెచ్చరింపవలసియున్నది. 2015వ సంవత్సరము జులై నెలలో జింబాబ్వే దేశమందలి హ్వాంగే జాతీయోద్యానము వెలుపల సెసిల్ అను సింహము వేటగాని వాత బడెను. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు దాని మెడకు పట్టెడ కట్టి, ఏండ్ల తరబడి దాని నడవడిని పరిశీలించుచుండిరి. దానిని చంపినవాడు అమెరికా దేశపు దంతవైద్యుడు. వార్త వ్యాపించినంతనే లోకమంతయు అతనిపై మండిపడెను. విమానసంస్థలు కొన్ని అట్టి వేటలో లభించిన తలలను, తోళ్లను ఇకపై చేరవేయబోమని ప్రకటించినవి. ఇది మంచి ఫలితమే. కాని అంతటితో ఆగలేదు. జనులు గుంపులుగ అతని వైద్యశాల యెదుట చేరిరి. అది కొన్ని వారములు మూతపడెను. చంపెదమని అతనిని బెదిరించినవారు కలరు. తన భార్యకును కుమార్తెకును కూడ బెదిరింపులు వచ్చినవని అతడు చెప్పెను. ఆ భార్యాబిడ్డలు చేసిన యపరాధమేమి? తుదకు ఆ వేటగానిపై నేరము మోపుటకు ఆధారము లేదని జింబాబ్వే ప్రభుత్వమే నిర్ణయించెను.

వేలకొలది జనులు ఒక్కనిని చుట్టుముట్టి తఱుముట కూడ ఒక వేటయే. ఆ వేటకు సైతము హద్దుండవలెను. తప్పును తప్పనుట మన ధర్మము. తప్పు చేసినవాని ఇంటివారిని భయపెట్టుట అధర్మము. దోషిని విచారించుటకు న్యాయస్థానములున్నవి.

మన దేశమున ఈ ప్రశ్న మఱింత సూటియైనది. 1972వ సంవత్సరమున మన పార్లమెంటు వన్యప్రాణి సంరక్షణ చట్టమును చేసెను. 1991వ సంవత్సరపు సవరణముతో వినోదార్థము వన్యమృగములను వేటాడుట పూర్తిగ నిషిద్ధమైనది. మనిషికి ప్రాణాపాయము కలిగించు మృగమును చంపుటకు సైతము అధికారుల అనుమతి కావలెను. ఆత్మరక్షణమునకు మాత్రము మినహాయింపు కలదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువైన కృష్ణజింకను చంపినవానికి మూడేండ్లకు తక్కువ కాకుండ ఏడేండ్ల వఱకు కారాగారశిక్ష విధింపవచ్చును. అట్టివాడు గొప్పకై పంపుకొనిన ఫొటోయే అతనిపై సాక్ష్యము కాగలదు.

బాలబాలికలారా! మీలో తుపాకి పట్టి అడవికి పోవువారుండరు. కాని పల్లెలలో జెఱ్ఱిపోతు కనబడిన, కఱ్ఱలతో కొట్టి చంపి, కఱ్ఱకు వ్రేలాడదీసి ఫొటో తీయించుకొనుట మీరు చూచియుందురు. జెఱ్ఱిపోతుకు విషము లేదు. అది పొలములలోని ఎలుకలను తిని రైతునకు మేలు చేయును. భయముచే చంపినవానిని కొంతవఱకు క్షమింపవచ్చును. చంపిన పిమ్మట భయమెక్కడిది? అప్పుడు తీయించుకొను ఫొటోలో కనబడునది శౌర్యమా? అట్టి ఫొటో మీ యింటి ఫోనునకు వచ్చినచో ఇతరులకు పంపకుడు. మెచ్చుకొనువారు లేనినాడు చాటుకొనువారును ఉండరు. అడవిమృగమును చంపిన దృశ్యమైనచో పెద్దలకు చూపుడు. వారు అటవీశాఖవారికి తెలుపుదురు.

నాకిప్పుడు అఱువదేండ్లు దాటినవి. ఆ పంగలకఱ్ఱ ఏనాడో విఱిగిపోయినది. ఆ యానాది వృద్ధుని పేరైనను నేనానాడు అడిగి తెలిసికొనలేదు. కాని “అది నిన్నేం చేసింది?” అని అతడడిగిన ప్రశ్నకు నేటికిని నా యొద్ద సమాధానము లేదు. మీ చేతికి ఱాయి యైనను, కెమెరా యైనను వచ్చినప్పుడు ఆ ప్రశ్నను ముందుగ మీకు మీరే వేసికొనుడు. నావలె పాతిపెట్టి బొంకవలసిన యవసరము మీకు కలుగదు.