జాతి కుక్కకే ధర.. సంకరానికి ధీమా ఏదీ?

* పాలసీల్లో చోటున్నా పరిహారం అంతంతమాత్రమే
* చికిత్స ఖర్చుకు మాత్రం జాతి భేదం లేదు

విజయవాడ: 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బుడమేరు పొంగి నగరంలోని సింగ్‌నగర్ పరిసర కాలనీలు నీట మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణమ్మ 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహంతో ఉరకలెత్తింది. నీరు తీసిన తరువాత నష్టాల లెక్కలు మొదలయ్యాయి. అప్పటి కేంద్ర విపత్తు సహాయ నిబంధనల్లో పాడి గేదెకు, ఆవుకు రూ.37,500, దుక్కిటెద్దుకు రూ.32 వేలు, గొర్రెకు, మేకకు రూ.4 వేలు, చివరకు కోడికి సైతం రూ.100 చొప్పున సాయం నిర్దేశించారు. ఆ జాబితాలో ఇంటికి కాపలా కాసే కుక్క పేరు మాత్రం లేదు.

ప్రభుత్వ సాయం వర్తించని చోట యజమానికి మిగిలేది బీమా ఒక్కటే. అక్కడ అడుగుపెట్టగానే ఎదురయ్యే ప్రశ్న.. కుక్క అసలు జాతిదా? సంకరమా? జాతి పత్రం ఉన్నదా? కృష్ణా డెల్టాలోని ఇళ్లలో పెరుగుతున్న లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ పోలికల కుక్కల్లో పత్రం లేనివి కోకొల్లలు. వాటి యజమానులకు ఈ ప్రశ్న చిక్కుముడిగా మారుతోంది.

ఆవుకు వరం.. కుక్కకు వెలితి

'సంకరం' అన్న మాట డెల్టా రైతుకు కొత్త కాదు. జెర్సీ, హోల్‌స్టీన్ రక్తం కలిసిన సంకరజాతి ఆవు పాల దిగుబడికి పేరు. పశువుల సంతలో దానికి నాటు ఆవు కంటే ఎక్కువ ధర పలుకుతుంది. బీమాలోనూ ఇదే తీరు. రాష్ట్రంలో 2023లో ప్రారంభించిన పశు బీమా పథకం మేలుజాతి ఆవు, గేదెలకు రూ.30 వేలు, నాటు పశువులకు రూ.15 వేల విలువ కట్టింది. జాతీయ పశుసంవర్ధక మిషన్ కింద 2024 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధనలు సవరించి, రైతు వాటాను ప్రీమియంలో 15 శాతానికి తగ్గించింది.

కుక్కల విషయానికి వచ్చేసరికి ఈ లెక్క తలకిందులవుతుంది. ఇక్కడ పాల దిగుబడి లేదు. సంకరం వల్ల ధర పెరగదు, తరుగుతుంది. చెన్నై కేంద్రంగా పనిచేస్తున్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా నమోదు పత్రం ఉన్న పిల్లకు ఒక ధర, అదే పోలికతో పత్రం లేని పిల్లకు మరొక ధర. ఆవుకు యోగ్యతాపత్రం దాని పొదుగే. కుక్కకు మాత్రం కాగితమే యోగ్యతాపత్రం.

పాలసీ కాదనదు.. ధర కలిసిరాదు

సంకరజాతి కుక్కకు అసలు బీమాయే లేదన్న అపోహ చాలామందిలో ఉంది. ఇది వాస్తవం కాదు. ప్రభుత్వరంగ సాధారణ బీమా సంస్థలు చాలాకాలంగా కుక్కల బీమా అందిస్తున్నాయి. నాటు, సంకర, విదేశీ జాతులన్నీ ఆ పాలసీల పరిధిలోకి వస్తాయి. 2020లో బజాజ్ అలయంజ్ ప్రవేశపెట్టిన పెంపుడు కుక్కల పాలసీలోనూ జాతి పత్రం ఉన్నవాటికి, లేనివాటికి చోటిచ్చారు.

అసలు చిక్కు విలువ కట్టడంలో ఉంది. మరణానికి, దొంగతనానికి చెల్లించే పరిహారం కుక్క మార్కెట్ ధరను మించదు. ఉదాహరణకు ఒకరు పత్రంతో సహా రూ.30 వేలు పెట్టి లాబ్రడార్ పిల్లను కొన్నారనుకుందాం. పక్కింటివారు రూ.3 వేలకు సంకర పిల్లను తెచ్చుకున్నారు. రెండూ ఒకే రోజు చనిపోతే మొదటివారికి రసీదు సాక్ష్యం చెబుతుంది. రెండోవారికి దక్కేది ఆ రూ.3 వేల లోపే. తెలిసినవారి ఇంటి నుంచి ఉచితంగా తెచ్చుకున్నదైతే ధర నిరూపించడమే కష్టం.

రోగానికి భేదం లేదు

ధరలో ఉన్న తేడా చికిత్సలో కనిపించదు. పార్వో సోకితే జాతి పిల్లకైనా, సంకర పిల్లకైనా అదే సెలైను, అవే సూదిమందులు. పిడుదుల వల్ల వచ్చే జ్వరాలకూ అదే మాట. వరద నీటిలో ఎలుకల మూత్రం ద్వారా వ్యాపించే లెప్టోస్పైరోసిస్ కుక్కనే కాదు, దానిని సాకే మనిషినీ వదలదు.

సంకర కుక్కకు జబ్బులు రావన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు 27 వేలకు పైగా కుక్కల రికార్డులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. 24 జన్యు సంబంధ రుగ్మతల్లో 10 జాతి కుక్కల్లో అధికంగా కనిపించగా, 13 రుగ్మతల్లో రెండింటికీ తేడా లేదు. మోకాలి కీలు బంధనం తెగడమన్న ఒక్క సమస్య సంకర కుక్కల్లోనే ఎక్కువగా తేలింది. బ్రిటన్‌లో 5.84 లక్షల కుక్కలపై జరిపి 2024లో ప్రచురించిన అధ్యయనంలో జాతి కుక్కల మధ్యస్థ ఆయుష్షు 12.7 ఏళ్లు, సంకర కుక్కలది 12 ఏళ్లు. 'మనది సంకరం, దానికేం కాదు' అని బీమాను పక్కన పెట్టడం సరికాదని ఈ అంకెలు చెబుతున్నాయి.

కరిస్తే బాధ్యత ఎవరిది?

కుక్క ఎవరినైనా కరిచినప్పుడు జాతి పత్రాన్ని ఎవరూ అడగరు. పెంపుడు జంతువు విషయంలో నిర్లక్ష్యం వహిస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు జైలు లేదా రూ.5 వేల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల కుక్కలను ప్రమాదకరమైనవిగా పేర్కొంటూ నిషేధానికి లేఖ రాసినప్పుడు, వాటి సంకరాలనూ అందులో చేర్చింది. కర్ణాటక, దిల్లీ హైకోర్టుల్లో ఆ లేఖ నిలవలేదు. అయినా ఒక సంగతి స్పష్టమైంది. పరిహారంలో వెనుక వరుసలో నిలిచే సంకరం, బాధ్యత దగ్గరకు వచ్చేసరికి ముందు వరుసలోనే ఉంటుంది. అందుకే మరణ పరిహారం కంటే చికిత్స ఖర్చు, ఇతరులకు కలిగే నష్టానికి రక్షణ ఉన్న పాలసీయే దాని యజమానికి అక్కరకు వస్తుంది.

సంతకానికి ముందు..

దరఖాస్తులో జాతి వద్ద అమ్మినవారి మాట నమ్మి 'లాబ్రడార్' అని రాయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. పత్రం లేనప్పుడు 'సంకరం' అనే రాయాలి. తప్పుడు వివరం తేలితే క్లెయిమ్ మొత్తానికే ఎసరు వస్తుంది. టీకాల కార్డు తప్పనిసరిగా భద్రపరచాలి. టీకాతో నివారించగల జబ్బుకు, టీకా వేయించకపోతే బీమా వర్తించదు. వయోపరిమితి, పాలసీ తీసుకున్న తరువాత ఆగవలసిన గడువు, మినహాయించిన జబ్బుల జాబితా ముందే చదువుకోవాలి.

గుర్తింపు మరో ముఖ్యాంశం. చెవిపోగు లేనిదే పశువుకు పరిహారం రాదన్న సంగతి పాడి రైతులకు తెలిసిందే. కుక్కకు ఆ పని మైక్రోచిప్ చేస్తుంది. 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనల ప్రకారం అమ్మే కుక్కకు మైక్రోచిప్ ఉండాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. కొనేవారు రసీదుతో పాటు ఇవీ అడిగి తీసుకుంటే తరువాత చిక్కులుండవు. ఉచితంగా తెచ్చుకున్న పిల్లకూ చిప్ వేయించి, రంగు, మచ్చలు కనిపించేలా ఫొటోలు తీసి ఉంచుకోవడం మేలు.

జాతి పత్రం కొనుక్కోగలిగినవారికి బీమా ఒక సౌకర్యం. ఆ స్తోమత లేని ఇంట, రాత్రంతా గుమ్మం ముందు మేలుకొని ఉండే సంకర కుక్కకు చికిత్స ఖర్చు ఒక్కసారిగా మీద పడితే, తట్టుకోలేక దానిని వీధిన వదిలేసే ప్రమాదం ఉంది. అసలు ధీమా అవసరమైనది ఆ ఇంటికే.