మూడు రోజుల్లో టీచర్ తయారు కాదు

ఒకటో తరగతికి పాఠం చెప్పాలంటే రెండేళ్ల డీఎడ్ చదవాలి, టెట్ రాయాలి, డీఎస్సీ గట్టెక్కాలి. ఆ పిల్లలే అంతకు మూడేళ్ల ముందు, ఇంకా మాటలు కూడబలుక్కునే వయసులో, అంగన్‌వాడీ టీచర్ చేతికి వస్తారు. కేంద్ర ప్రభుత్వం 2023 మేలో ఆరంభించిన ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కార్యక్రమంలో ఆమెకు దక్కిన తొలి విడత శిక్షణ మూడు రోజులు. మూడేళ్లలోపు పిల్లల కోసం ‘నవచేతన’, మూడు నుంచి ఆరేళ్ల వారికోసం ‘ఆధారశిల’ అని రెండు ప్రణాళికలు ఆమె చేతికిచ్చారు. మొదటిదానిలో 140 కృత్యాలున్నాయి. రెండోది 48 వారాల పాఠ్యక్రమం. మూడు రోజుల్లో వాటి పేజీలు తిరగేయడానికే సమయం చాలదు. దీన్ని శిక్షణ అనడానికి వీల్లేదు. ‘ఇంతమందికి తర్ఫీదు ఇచ్చాం’ అని లెక్క చూపించడం ప్రభుత్వాలు తక్షణం మానుకోవాలి.

అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ 1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో మొదలైంది. తర్వాతి కాలంలో కొత్తగా చేరిన కార్యకర్తకు 26 పనిదినాల ఉద్యోగ శిక్షణ ఉండేది. అందులోనూ ఎక్కువ భాగం తూకాలకు, టీకాలకు, రిజిస్టర్లకే పోయేది. అయినా అప్పట్లో అంగన్‌వాడీని ఎవరూ బడి అనలేదు. ఇప్పుడంటున్నాం. జాతీయ విద్యా విధానం 2020లో మూడేళ్ల వయసు నుంచే పునాది దశ మొదలవుతుందని రాసుకున్నాం. ఆరేళ్లలోపే మెదడు ఎదుగుదల 85 శాతానికి పైగా పూర్తవుతుందని అదే పత్రం చెప్పింది. ఇంటర్ చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్నా తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా, నెలకొకసారైనా ముఖాముఖి తరగతి అని హామీ ఇచ్చింది కూడా ఆ పత్రమే. ఐదేళ్లు దాటాయి. ఆరు నెలలని రాసి మూడు రోజులతో సరిపెట్టినవారు మాట తప్పినట్టే.

ఆంధ్రప్రదేశ్ ప్రపంచ బ్యాంకు రుణంతో చేపట్టిన సాల్ట్ పథకంలో అంగన్‌వాడీ టీచర్లకు పునాది చదువులపై సర్టిఫికెట్ కోర్సును చేర్చింది. దారి సరైనదే. అయితే ఎంతమంది చేతికి కాగితం వచ్చిందన్నది కొలమానం కాకూడదు. కోర్సు అయ్యాక ఆమె కేంద్రంలో పొద్దున పదింటికి పిల్లలు ఏం చేస్తున్నారన్నది చూడాలి.

నిజానికి ఆమె నేర్చుకోవలసింది చాలా ఉంది. మూడేళ్లవాడి ముందు పలక పెట్టి ‘అ’ దిద్దిస్తే చూడడానికి చదువులాగే ఉంటుంది. తల్లిదండ్రులు అదే అడుగుతారు, పక్క వీధి ప్రైవేటు ఎల్‌కేజీ అదే చేస్తుంది. కానీ ఆ వయసు వేళ్లకు బలపం మీద పట్టు ఉండదు. ముందు మట్టి పిసకాలి, పూసలు గుచ్చాలి, కాగితం చింపాలి. చింతగింజలు రెండు కుప్పలు పోసి ఏది ఎక్కువో, ఎన్ని ఎక్కువో చెప్పగలిగిన తర్వాతే పలక మీది అంకెకు అర్థం వస్తుంది. కథ మధ్యలో ఆపి ‘తర్వాత ఏమై ఉంటుంది?’ అని అడిగి, బిడ్డ మాట పెగిలేదాకా ఓపిగ్గా ఆగడం ఒక విద్య. ఒకే గదిలో ఉన్న మూడేళ్ల పిల్లకూ ఐదేళ్ల పిల్లాడికీ వేర్వేరు పని పెట్టి, ఇద్దరినీ చూసుకోవడం మరో విద్య. రెండేళ్లు నిండినా మాట రాని బిడ్డకు వినికిడి లోపమేమోనని అనుమానించి, తల్లి బెదిరిపోకుండా చెప్పి, ఆశా కార్యకర్తకూ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్ (ఆర్‌బీఎస్‌కే) వైద్య బృందానికీ చూపించడం ఇంకా కష్టమైనది. ఆ అనుమానం ఆమెకు సమయానికి రాకపోతే బిడ్డకు జరిగే నష్టాన్ని ఆ తర్వాత ఏ బడీ పూర్తిగా పూడ్చలేదు. ఇవేవీ సెల్‌ఫోన్‌లో వీడియో చూస్తే రావు. పిల్లల మధ్య కూర్చుని చేయాలి. చేసినదాన్ని చూసి, ఇక్కడ బాగుంది, ఇక్కడ తొందరపడ్డావు అని చెప్పే మనిషి పక్కన ఉండాలి.

ఈ సంగతి మన దేశానికి తెలియనిదేమీ కాదు. తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ 1945లో మహారాష్ట్రలోని బోర్డీలో, ఆ తర్వాత కోస్‌బాడ్ కొండల్లో వార్లీ ఆదివాసీ పిల్లల ముంగిట్లోకే బడిని తీసుకెళ్లారు. గింజలు, ఆకులు, గవ్వలే అక్కడ బోధన సామగ్రి. స్థానిక మహిళలనే పిల్లల మధ్య ఉంచి టీచర్లుగా తీర్చిదిద్దారు. అంగన్‌వాడీ ఆలోచనకు వేళ్లు అక్కడున్నాయి. ఆ శిక్షణ పద్ధతిని మాత్రం మనం వదిలేశాం.

పాడేరు, ఉట్నూరు, భద్రాచలం ఏజెన్సీల్లో సమస్య మరింత లోతైనది. అక్కడి పిల్లలు ఇంట్లో కువి, గోండి, కోయ మాట్లాడతారు. తెలుగే వారికి కొత్త భాష, ఇంగ్లిష్ సంగతి సరేసరి. ఆ ఊరి మనిషే టీచర్ అయిన చోట ఆమెకు బిడ్డ భాష వచ్చు. ఆ భాషలో మొదలుపెట్టి నెమ్మదిగా తెలుగులోకి ఎలా నడిపించాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. పైగా సొంత భాష వాడడం తప్పేమోనని ఆమే జంకుతుంది. ఆ జంకు పోగొట్టడం శిక్షణలో మొదటి రోజు పాఠం కావాలి.

ఇంత చేయమని చెప్పేముందు ఆమె రోజును కూడా చూడాలి. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆస్పత్రికి పంపడం, తల్లులకు సలహాలు, పిల్లల చదువు కలిపి ఐసీడీఎస్‌లో సేవలు ఆరు. చదువు వాటిలో ఒకటి. పైన పోషణ్ ట్రాకర్ యాప్, రేషన్ ఇచ్చేముందు ముఖ ఆధారిత గుర్తింపు, ఎన్నికలొస్తే బీఎల్‌వో పనులు. సర్వర్ పనిచేయక వివరాలు ఎక్కకపోయినా సంజాయిషీ అడుగుతారు. ఆ పూట పిల్లలకు కథ చెప్పకపోతే ఎవరూ అడగరు. సుమారు పాతిక కేంద్రాలను చూసే సూపర్‌వైజర్ వచ్చినా ముందు తెరిచేది రిజిస్టర్లే. సెక్టార్ మీటింగుల్లో గుడ్లు, బాలామృతం నిల్వల లెక్క తేలేసరికి పొద్దు వాలుతుంది. పర్యవేక్షణ ఇలా సాగితే ఎంత మంచి శిక్షణైనా ఆరు నెలల్లో అడుగంటుతుంది.

తప్పు టీచర్లదని ఎవరైనా అంటే ఈ పత్రిక ఒప్పుకోదు. కేంద్రం తన వంతు గౌరవ వేతనాన్ని 2018లో 4,500 రూపాయలకు పెంచి అక్కడే ఆగింది. మిగతాది రాష్ట్రాల దయ మీద నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో వేతనం పెంచాలని 2023 డిసెంబర్‌లో మొదలైన సమ్మె 42 రోజులు సాగితే, నాటి ప్రభుత్వం వారిపై ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవ అని చట్టం పెట్టడానికి అర్హమైన ఉద్యోగం, ఉద్యోగిగా గుర్తించడానికి మాత్రం అర్హం కాలేదు. మణిబెన్ కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వీరికి గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పిచ్చిన తర్వాతా వైఖరి పెద్దగా మారలేదు.

చట్టంలోనూ లోపముంది. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో 1993లో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ల వరకు పిల్లలందరికీ విద్యాహక్కు ఉందంది. 2002లో 86వ సవరణ ఆ హక్కును ఆరేళ్ల నుంచి మొదలుపెట్టి, చిన్నపిల్లలను ఆదేశిక సూత్రాల్లోకి నెట్టింది. విద్యాహక్కు చట్టం సెక్షన్ 11 కూడా ప్రీస్కూల్‌ను ప్రభుత్వాల ఇష్టానికే వదిలింది. పార్లమెంటు దాన్ని బాధ్యతగా మార్చాలి.

అంతదాకా ఆగనవసరం లేని పనులున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35,700 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. ఆరు నెలల కోర్సును పని గంటల్లోనే, వేతనంతో, దగ్గర్లోని డైట్ కళాశాలల ద్వారా దశలవారీగా నడపాలి. అందులో సగం కాలం పిల్లల మధ్యే గడవాలి. టీచర్ కోర్సులో ఉన్నన్నాళ్లూ కేంద్రానికి మరొకరిని ఇవ్వాలి. నెలకొకసారి కేంద్రానికి వెళ్లి రెండు గంటలు కూర్చుని చూసే మెంటర్‌ను సెక్టారుకొకరిని, రిజిస్టర్లతో సంబంధం లేకుండా, నియమించాలి. పొద్దున ప్రీస్కూల్ జరిగే వేళ యాప్ పనులు, సర్వేలు, సమావేశాలు నిషేధించాలి. కోర్సు ముగించినవారికి జీతం స్కేలు పెంచాలి. వీటిలో దేనికీ ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. రెండు రాష్ట్రాల మంత్రివర్గాలు వచ్చే బడ్జెట్‌లో నిధులు చూపించి, తొలి విడత టీచర్ల పేర్ల జాబితాను జూన్‌లోగా ప్రకటించాలి.