తస్వీరు ఎవరిది? కెమేరాదా, కంటిదా?

అభిమానం మానవులకు సహజమైన గుణం. కవిని అభిమానిస్తాము, గాయకుని అభిమానిస్తాము, క్రీడాకారుని అభిమానిస్తాము. అందులో దోషమేమీ లేదు. కాని ప్రాణం లేని ఒక యంత్రం మీద చెక్కిన నాలుగైదు అక్షరాల కోసం మిత్రులు పక్షాలుగా చీలి వాదులాడుకోవడం చూసినప్పుడు, ఇది అభిమానమా, దురభిమానమా అని ఆలోచించవలసి వస్తుంది. ఛాయాగ్రహణం అభిరుచిగా గల విద్యార్థులలో మేమూ కొందరం. ఆ వాదాలలో గొంతు చించుకున్నవారిలోనూ మేమున్నాము. కనుక ఈ నాలుగు మాటలు ఇతరులను విమర్శించడానికి కాదు, మమ్మల్ని మేము పరీక్షించుకోవడానికే వ్రాస్తున్నాము.

ఆదివారం తెల్లవారుజామున గోలకొండ కోటకో, కుతుబ్‌షాహీ సమాధుల తోటకో కెమేరాలు భుజాన వేసుకొని బయలుదేరుతాము. దారిలోనే చర్చ మొదలవుతుంది. ఒకరికి కానన్ రంగులే రంగులు. మరొకరికి నికాన్ గట్టితనమే గట్టితనం. సోనీ పట్టినవారి దృష్టిలో మిగిలిన ఇద్దరూ పాతకాలపు మనుషులు. వాదం ముదురుతుంది, సూర్యుడు పైకి వస్తాడు, గుమ్మటాల మీది లేత వెలుగు కాస్తా వెళ్లిపోతుంది. ఏ వెలుగు కోసం నిద్ర మానుకొని వచ్చామో దానిని పోగొట్టుకొని, ఎవరి కెమేరా గొప్పదో తేలకుండానే ఇంటికి మరలుతాము.

ఈ వాదానికి చరిత్ర ఇచ్చే సమాధానం విచిత్రంగా ఉంటుంది. ఆస్కార్ బార్నాక్ రూపొందించిన లైకా కెమేరాను జర్మనీకి చెందిన లైట్జ్ సంస్థ 1925లో విపణిలోకి తెచ్చింది. 1932లో జైస్ ఐకాన్ సంస్థ కాంటాక్స్ కెమేరాతో పోటీకి దిగింది. జర్మనీ సరుకే సరుకు, జపానుది వట్టి అనుకరణ అన్న చులకన భావం చాలాకాలం నిలిచింది. 1950లో లైఫ్ పత్రిక ఛాయాగ్రాహకుడు డేవిడ్ డగ్లస్ డంకన్ జపానులో తయారైన నిక్కోర్ లెన్సులను స్వయంగా పరీక్షించి, వాటిని తన లైకా కెమేరాలకే బిగించి, కొరియా యుద్ధాన్ని చిత్రించాడు. ఆయన పేరు చూడలేదు, పని చూశాడు. జపాను లెన్సుల ప్రతిష్ఠకు ఆ చిత్రాలు ఎంతో దోహదం చేశాయి.

అంతకంటె విశేషం మరొకటి ఉన్నది. నేడు కానన్, నికాన్ పక్షాలవారు ఉప్పూ నిప్పూగా ఉంటారు గదా! 1936లో హన్సా కానన్ పేరుతో ఆ సంస్థ అమ్మిన తొలి కెమేరాకు లెన్సు సమకూర్చినది నిప్పాన్ కోగాకు సంస్థ. నేటి నికాన్ అదే. ఇటీవలి కాలానికి వస్తే, నికాన్ పేరుతో వెలువడిన పలు డిజిటల్ కెమేరాలలో చిత్రాన్ని గ్రహించే సెన్సారు సోనీ తయారీది. తయారీదారులు వెనుక ద్వారం గుండా ఇచ్చిపుచ్చుకుంటూ ఉండగా, మనం వీధిలో నిలబడి వారి తరఫున పోట్లాడుకుంటున్నాము.

మరి ఈ పట్టుదలకు మూలమేమిటి? మా అభిప్రాయంలో చాలావరకు అది లెన్సును కెమేరాకు బిగించే లోహపు వలయంలో ఉన్నది. నికాన్ ఎఫ్ పద్ధతిలో ఆ వలయానికీ ఫిల్ముకూ మధ్య దూరం 46.5 మిల్లీమీటర్లు, కానన్ ఈఎఫ్ పద్ధతిలో 44 మిల్లీమీటర్లు. ఈ తేడావల్ల ఒక సన్నని వలయం మధ్యన చేర్చి నికాన్ లెన్సును కానన్ కెమేరాకు అమర్చవచ్చును గాని, కానన్ లెన్సును నికాన్‌కు అలా అమరిస్తే దూరపు దృశ్యం స్పష్టంగా కుదరదు. మొదట ఒక కెమేరా కొంటాము. తరువాత దానికి తగిన లెన్సులు ఒకటొకటిగా చేరుతాయి. నాలుగు లెన్సులు చేరిన తరువాత మారాలంటే అన్నీ అమ్ముకోవాలి. ఆ స్థితిలో మన నిర్ణయం సరియైనదేనని మనకు మనమే చెప్పుకోవలసి వస్తుంది, పదిమందికీ చాటవలసి వస్తుంది. దీనికే మనం విధేయత అని గౌరవప్రదమైన పేరు పెట్టుకున్నాము. మిత్రుల మధ్య ఇంత ఎత్తు గోడ కట్టినది రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే!

ఆ విధేయతను సంస్థలు తిరిగి చూపాయా అంటే, అదీ అన్ని వేళలా లేదు. నికాన్ 1959లో ఆరంభించిన అమరికను దశాబ్దాల పాటు నిలుపుకొన్నది నిజమే. కాని కానన్ 1987లో తన పాత అమరికను విడిచి కొత్తదానికి మారినప్పుడు, పాత లెన్సులు కొత్త కెమేరాలకు సరిపడకుండా పోయాయి. మినోల్టా పేరుతో వర్ధిల్లిన కెమేరా విభాగం 2006లో సోనీకి చేరింది. ఒలింపస్ తన కెమేరా వ్యాపారాన్ని 2021 నాటికి వేరొక సంస్థకు అప్పగించింది. మనం సంస్థను విడువము. తన లెక్కలు మారినప్పుడు సంస్థ మనలను విడుస్తుంది.

ఇంతమాత్రాన ఇష్టాయిష్టాలే ఉండరాదని మేము అనడం లేదు. చేతికి కూడా జ్ఞాపకశక్తి ఉంటుంది. నికాన్ లెన్సు బిగించడానికి ఒక వైపు తిప్పితే, కానన్ లెన్సును అందుకు ఎదురు వైపు తిప్పాలి. ఏళ్ల తరబడి ఒకదానికి అలవాటుపడిన వ్రేళ్లు రెండవదానితో తడబడతాయి. మిత్రబృందంలో అందరిదీ ఒకే అమరిక అయితే లెన్సులు ఎరువిచ్చుకోవచ్చును. మరమ్మతు చేయగల పనివాడు దగ్గరలో ఉండడమూ పెద్ద సంగతే. ఇవన్నీ న్యాయమైన కారణాలు. అయితే ఇవి తనకు ఏది అనుకూలమో చెబుతాయి గాని, ఎదుటివాడు తక్కువవాడని చెప్పవు.

ఈ భేదం మాకు ఆలస్యంగా తెలిసింది. ఒక ఆదివారం మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు మాతో వచ్చాడు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన తండ్రి తెచ్చిన పాత కెమేరా అతని చేతిలో ఉన్నది. దానిని చూసి మాలో ఒకరు, "దీనిని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇచ్చి రావోయి" అన్నారు. అందరం నవ్వాము. అతడూ నవ్వాడు. తరువాతి ఆదివారం అతడు రాలేదు, ఆ పై ఆదివారమూ రాలేదు. నెల దాటిన తరువాత గ్రంథాలయం దగ్గర కనిపిస్తే కారణం అడిగాము. "మీ మధ్య దానిని బయటికి తీయాలంటే సిగ్గేసింది భాయ్, పెట్టెలో పెట్టేశాను" అన్నాడు. అంతకుముందు తీసిన చిత్రాలను బలవంతం మీద చూపించాడు. ఛత్తా బజారులో ఒక వృద్ధ కాతిబు చేయి, కలం, కాగితం మీద పడిన కలం నీడ. ఇంకేమీ లేదు ఆ చిత్రంలో. అటువంటి చిత్రం మాలో ఏ ఒక్కరి దగ్గరా లేదు. మా నవ్వు ఒక కెమేరాను పెట్టెలో పెట్టించింది. ఆ కన్ను చూడగలిగిన ఎన్ని దృశ్యాలను మూసివేసిందో మేము లెక్క చెప్పలేము.

ఉర్దూలో తస్వీర్ అంటాము. రూపానికి పేరైన సూరత్ అన్న మాట పుట్టిన అరబ్బీ ధాతువునుంచే అదీ పుట్టింది. తెలుగులో ఛాయాచిత్రం అంటాము. ఒక మాటలో రూపమున్నది, ఒక మాటలో ఛాయ ఉన్నది. ఏ మాటలోనూ తయారీదారుని పేరు లేదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ తన ఆస్థాన ఛాయాగ్రాహకుడు లాలా దీన్‌దయాళ్‌కు ఇచ్చిన రాజా ముసవ్విర్ జంగ్ బిరుదులోని ముసవ్విర్ కూడా ఆ ధాతువునుంచి వచ్చినదే: రూపమిచ్చేవాడని అర్థం. బరువైన పెట్టె కెమేరాలతో, గాజు పలకలతో ఆయన పట్టుకొన్న నాటి హైదరాబాదును నేటికీ కన్నులార్పక చూస్తాము. ఆ పెట్టె ఎవరి తయారీ అని ఎవరు అడుగుతున్నారు?

ఆడలేక మద్దెల ఓడన్న సామెత మనకు తెలిసినదే. మంచి మద్దెల కొన్నంత మాత్రాన ఆట రాదన్నది దానికి రెండవ ముఖం. కాబట్టి సోదర విద్యార్థులకు మా మనవి ఇది. కళాశాలలో చిత్ర ప్రదర్శన పెట్టినప్పుడు పటం క్రింద కెమేరా పేరు వ్రాయవద్దు. స్థలం, వేళ, వెలుగు ఎటునుంచి వచ్చిందో వ్రాయండి. నెలకొక ఆదివారం కెమేరాలు మార్చుకొని, ఒకరి యంత్రంతో మరొకరు చిత్రాలు తీయండి. ఫీజుకు దాచిన సొమ్ముతో, వాయిదాల మీద తెచ్చిన అప్పుతో పక్షం మారవద్దు. చేతిలో ఫోను తప్ప వేరేమీ లేనివాడు వస్తే పక్కకు జరిగి చోటివ్వండి.

ఆ మొదటి సంవత్సరం మిత్రుని ఇంటికి వెళ్లి మేము క్షమాపణ చెప్పుకున్నాము. వస్తానని గాని, రానని గాని అతడు అనలేదు. ప్రతి ఆదివారం బయలుదేరే ముందు కళాశాల గేటు దగ్గర పది నిమిషాలు అతని కోసం ఆగుతున్నాము.